స్ప్రింగ్ బూట్‌లో లాగ్ ప్యాటర్న్ మార్చినా వరుసలు పాత రూపంలోనే వస్తున్నాయి

ప్రశ్న: పుస్తకాలపురుగు

అందరికీ నమస్కారం. మేము ముగ్గురం కలిసి గ్రంథాలయాలలో పుస్తకాల జారీ, వాపసు లెక్కలు చూసే చిన్న అప్లికేషన్ ఒకటి నడుపుతున్నాము. జావా 17, స్ప్రింగ్ బూట్ 3, లాగింగ్‌కు దానితోపాటే వచ్చే లాగ్‌బ్యాక్ వాడుతున్నాము. అంతా లైనక్స్ కంటైనర్‌లో నడుస్తుంది. నేను అతికించిన ప్యాటర్న్‌లో (లాగ్ వరుస ఏ రూపంలో రావాలో చెప్పే సూత్రంలో) పర్సెంట్ గుర్తులు చెదిరిపోతున్నాయి కనుక అక్షరాలను మాటల్లోనే రాస్తున్నాను. ‘పర్సెంట్ డి’ అంటే పర్సెంట్ గుర్తు, దాని పక్కనే డి అక్షరం అని దయచేసి చదువుకోండి.

ఇప్పుడు మా లాగ్‌లో ప్రతి వరుసా గంట, నిమిషం, సెకనుతో మొదలై, ఆ తర్వాత థ్రెడ్ (పనిని నడిపే దారి) పేరు, లెవెల్ (సందేశం తీవ్రత), క్లాస్ పేరు, సందేశం అనే క్రమంలో వస్తోంది. తేదీ లేదు. రెండు రోజుల క్రితం జరిగిన తప్పును వెతకవలసి వచ్చినప్పుడు ఏ వరుస ఏ రోజుదో తెలియక చాలా ఇబ్బంది పడ్డాము. అందుచేత అప్లికేషన్ డాట్ ప్రాపర్టీస్ ఫైల్‌లో ‘లాగింగ్ డాట్ ప్యాటర్న్ డాట్ కన్సోల్’ అనే ప్రాపర్టీకి తేదీతో కూడిన కొత్త ప్యాటర్న్ ఇచ్చి, మళ్ళీ బిల్డ్ చేసి, కంటైనర్‌ను కొత్తగా లేపాను. ఏమీ మారలేదు. నన్ను తికమక పెట్టిన సంగతి ఏమిటంటే, అదే ఫైల్‌లో ఒక ప్యాకేజీ లాగ్ లెవెల్‌ను డీబగ్‌కు మారిస్తే అది వెంటనే పనిచేస్తోంది. అంటే ఫైల్‌ను చదువుతోందన్నమాట. మరి ప్యాటర్న్‌ను మాత్రం ఎందుకు పట్టించుకోవడం లేదు?

దీనితోపాటు మరికొన్ని చిక్కులు ఉన్నాయి. వరుసలోని సమయం మన గడియారం కంటే ఐదున్నర గంటలు వెనుక ఉంటోంది. పుస్తకాల పేర్లు తెలుగులో ఉంటాయి కదా, లాగ్‌లో వాటి స్థానంలో ప్రశ్నార్థకాలు బారులు తీరుతున్నాయి; డేటాబేస్‌లోనూ తెర మీదా మాత్రం అవే పేర్లు చక్కగా కనిపిస్తున్నాయి. ఒకేసారి నలుగురైదుగురు పుస్తకాలు తీసుకుంటున్నప్పుడు వారి వరుసలన్నీ కలగాపులగమై, ఏ వరుస ఏ అభ్యర్థనకు చెందినదో విడదీయలేకపోతున్నాము. చివరిగా, రాత్రి పూట విడిగా నడిచే ఒక పాత ప్రోగ్రామ్ ఉంది. అది స్ప్రింగ్ ఏమీ లేకుండా జావాతో వచ్చే లాగింగ్‌నే వాడుతుంది, ఒక్కొక్క సందేశాన్ని రెండు వరుసలుగా రాస్తుంది. దానిని కూడా ఒకే వరుసకు తేగలమా?

సమాధానం: వరుసక్రమం

నమస్కారమండీ. మీ మొదటి చిక్కుకు కారణం మీ ప్రశ్నలోనే దొరికింది. లెవెల్ మారుతోంది, ప్యాటర్న్ మారడం లేదు అంటే మీ ప్రాజెక్ట్‌లో ఎక్కడో ‘లాగ్‌బ్యాక్-స్ప్రింగ్’ లేదా ‘లాగ్‌బ్యాక్’ అనే పేరుతో ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్ ఉండి తీరాలి. రిసోర్సెస్ ఫోల్డర్‌లో చూడండి. పైగా తేదీ లేని ఆ రూపం స్ప్రింగ్ బూట్ సొంత రూపం కాదు. ఆ రూపంలో తేదీ, ప్రాసెస్ సంఖ్య, మూడు అడ్డగీతలు వస్తాయి. మీరు వర్ణించినది లాగ్‌బ్యాక్ పాఠాలలో ఉదాహరణగా కనిపించే ప్యాటర్న్. ప్రాజెక్ట్ మొదలుపెట్టిన రోజున ఎవరో దానిని తెచ్చి పెట్టి ఉంటారు.

జరుగుతున్నది ఇది. ఆ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్ కనిపించగానే స్ప్రింగ్ బూట్ తన సొంత లాగ్ అమరికను పక్కన పెట్టి మీ ఫైల్‌కే పెత్తనం అప్పగిస్తుంది. ప్రాపర్టీస్‌లో మీరు రాసిన ప్యాటర్న్ వృథాగా పోదు; స్ప్రింగ్ బూట్ దానిని ‘కన్సోల్ లాగ్ ప్యాటర్న్’ అనే పేరుగల సిస్టమ్ ప్రాపర్టీగా మార్చి సిద్ధంగా ఉంచుతుంది. పదాల మధ్య అండర్‌స్కోర్లతో, అన్నీ పెద్ద అక్షరాలతో ఆ పేరు ఉంటుంది. అయితే మీ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోని ఎన్‌కోడర్ (సందేశాన్ని వరుసగా మలిచే భాగం) ఆ పేరును అడిగితేనే ఆ విలువ అక్కడికి చేరుతుంది. అందులో ప్యాటర్న్‌ను నేరుగా రాసేసి ఉంటే మీ ప్రాపర్టీని అడిగేవారే ఉండరు. లెవెళ్ళ సంగతి వేరు. ఎక్స్‌ఎమ్‌ఎల్ చదవడం పూర్తయిన తర్వాత స్ప్రింగ్ బూట్ వాటిని లాగర్ల మీద స్వయంగా అమరుస్తుంది కాబట్టి అవి ఎప్పుడూ పనిచేస్తాయి. మీరు తికమక పడింది ఈ తేడా వల్లనే.

కాబట్టి రెండు దారులున్నాయి. మీ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్‌లో ప్యాటర్న్ తప్ప మరే విశేషమూ లేకపోతే ఆ ఫైల్‌నే తీసివేసి అంతా ప్రాపర్టీస్‌కు వదిలిపెట్టండి; నా ఓటు దీనికే. రోజువారీ ఫైళ్ళు, వేర్వేరు అపెండర్లు (వరుసలను కన్సోల్‌కో ఫైల్‌కో చేర్చే భాగాలు) ఉండి ఫైల్ తప్పదనుకుంటే, స్ప్రింగ్ బూట్‌తో వచ్చే ‘డిఫాల్ట్స్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్’ను ఇన్‌క్లూడ్ చేసి, ఎన్‌కోడర్‌లోని ప్యాటర్న్ స్థానంలో ఆ సిస్టమ్ ప్రాపర్టీ పేరును డాలర్, మీసాల బ్రాకెట్లతో రాయండి. ఫైల్ పేరు ‘లాగ్‌బ్యాక్-స్ప్రింగ్’ అనే ఉండనివ్వండి. ఉత్త ‘లాగ్‌బ్యాక్’ అని పెడితే స్ప్రింగ్ లేవకముందే లాగ్‌బ్యాక్ దానిని చదివేస్తుంది కనుక స్ప్రింగ్ ప్రొఫైల్, స్ప్రింగ్ ప్రాపర్టీ ట్యాగులు అందులో పనిచేయవు. ఏ ఫైల్‌ను చదువుతోందన్న అనుమానం ఇంకా మిగిలితే కాన్ఫిగరేషన్ ట్యాగ్‌కు డీబగ్ అనే ఆట్రిబ్యూట్‌ను ట్రూ అని ఇవ్వండి. లాగ్‌బ్యాక్ తాను ఏ ఫైల్‌ను ఎక్కడ తెరిచిందో, ఏ అపెండర్‌ను కట్టిందో మొదట్లోనే వరుసగా చెబుతుంది. ఒకవేళ మీరు ప్రాపర్టీస్ బదులు వైఎఎమ్‌ఎల్ వాడితే ప్యాటర్న్‌ను కోట్స్‌లో పెట్టడం మరవకండి. కోట్స్ లేకుండా పర్సెంట్ గుర్తుతో విలువ మొదలైతే అసలు ఆ ఫైల్‌ను చదవడమే ఆగిపోతుంది.

ఇక ప్యాటర్న్. నేను మీ స్థానంలో ఉంటే ఈ క్రమంలో రాస్తాను: తేదీ, సమయం, మిల్లీసెకన్లు, టైమ్‌జోన్ తేడా, ఆ తర్వాత లెవెల్, చదరపు బ్రాకెట్లలో థ్రెడ్, మళ్ళీ చదరపు బ్రాకెట్లలో అభ్యర్థన సంఖ్య, లాగర్ పేరు, ఒక అడ్డగీత, సందేశం, చివర కొత్త వరుస కోసం ‘పర్సెంట్ ఎన్’. లెవెల్‌కు పర్సెంట్ గుర్తుకూ ఆ పదానికీ మధ్య ‘మైనస్ 5’ రాస్తే ఎడమకు జరిపి ఐదు అక్షరాల వెడల్పు ఇస్తుంది. ట్రేస్, డీబగ్, ఎర్రర్ అన్నీ ఇంగ్లిష్‌లో ఐదక్షరాలు, ఇన్ఫో, వార్న్ నాలుగు. అందుకే ఆ ఐదు. లాగర్ పేరు తర్వాత మీసాల బ్రాకెట్లలో 36 అని ఇస్తే, పేరు అంతకంటే పొడవైనప్పుడు ప్యాకేజీ భాగాలను ఎడమ నుంచి ఒక్కొక్క అక్షరానికి కుదిస్తూ వస్తుంది, క్లాస్ పేరును మాత్రం ఎన్నడూ ముట్టుకోదు. లాగ్‌బ్యాక్‌లో సున్నా ఇస్తే క్లాస్ పేరు ఒక్కటే వస్తుంది. లాగ్‌ఫర్‌జే 2 అనే మరో లాగింగ్ లైబ్రరీలో ఇదే పని ఒకటి ఇస్తే జరుగుతుంది. అక్కడ ఆ అంకె కుడి నుంచి ఎన్ని భాగాలు ఉంచాలో చెబుతుంది. ఒకదాని ప్యాటర్న్‌ను మరొకదానిలో అతికించేవారు ఇక్కడే బోల్తా పడతారు.

మీరు గుండ్రటి బ్రాకెట్లు వాడాలనుకుంటే జాగ్రత్త. లాగ్‌బ్యాక్ ప్యాటర్న్‌లో వాటికి గుంపుగా కట్టే ప్రత్యేక అర్థం ఉంది. అవి అక్షరాలుగానే అచ్చు కావాలంటే ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. నేను చదరపు బ్రాకెట్లు చెప్పడానికి కారణం అదే.

లైన్ నంబర్, మెథడ్ పేరు కూడా పెడదామని చాలామందికి ఆశ పుడుతుంది. వాటి కోసం ప్రతి లాగ్ పిలుపుకూ కాల్ స్టాక్‌ను పరిశీలించవలసి వస్తుంది కనుక ఖర్చు ఎక్కువ. పైగా లాగ్‌బ్యాక్‌లో ఎసింక్ అపెండర్ వెనుక నడిపితే, కాలర్ డేటా చేర్చమని విడిగా చెప్పనంత వరకు వాటి స్థానంలో ఒక ప్రశ్నార్థకం మాత్రమే వస్తుంది. క్లాస్ పేరు, అర్థవంతమైన సందేశం ఉంటే లైన్ నంబర్ లోటు పెద్దగా తెలియదు.

ఐదున్నర గంటల తేడా కంటైనర్ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడవడం వల్ల వస్తున్నది. లాగ్‌బ్యాక్‌లో ‘పర్సెంట్ డి’ తర్వాతి మీసాల బ్రాకెట్లలోనే తేదీ రూపం రాసి, కామా పెట్టి, ఆసియా/కోల్‌కతా అని టైమ్‌జోన్ పూర్తి పేరు ఇవ్వండి. ఐఎస్‌టీ అనే పొట్టి పేరు వద్దు. ఇజ్రాయెల్‌కూ ఐర్లాండ్‌కూ అదే పొట్టి పేరు ఉంది. ఇక్కడ కామా టైమ్‌జోన్‌ను విడదీసే గుర్తు కాబట్టి, సెకన్లకూ మిల్లీసెకన్లకూ మధ్య కామా కావాలనుకునేవారు మొత్తం తేదీ రూపాన్ని కోట్స్‌లో చుట్టాలి. చుక్క పెట్టుకుంటే ఆ బెడద ఉండదు. లాగ్‌ఫర్‌జే 2లో అయితే టైమ్‌జోన్‌కు రెండవ జత మీసాల బ్రాకెట్లు విడిగా రాయాలి. మీరు రోజుకొక ఫైల్ చొప్పున లాగ్ రాస్తుంటే, ఫైల్ పేరు ప్యాటర్న్‌లోని తేదీకి కూడా ఇదే టైమ్‌జోన్ ఇవ్వండి. లేకపోతే ఫైల్ అర్ధరాత్రికి కాకుండా మన లెక్కలో తెల్లవారుజామున ఐదున్నరకు మారుతుంది, ఆదివారం అర్ధరాత్రి దాటి సోమవారం వచ్చాక ఒంటిగంటకు జరిగినది ఆదివారం ఫైల్‌లో దొరుకుతుంది.

సమాధానం: రాత్రిపాళీ

టైమ్‌జోన్ విషయంలో పై సమాధానంతో నేను సగమే ఏకీభవిస్తాను. అప్లికేషన్ లాగ్‌ను భారత సమయంలో రాస్తే కంటికి హాయిగా ఉంటుంది, నిజమే. కానీ పక్కనే ఉన్న డేటాబేస్ లాగ్, ముందున్న ప్రాక్సీ లాగ్ యూటీసీలోనే ఉంటే, నిద్ర మబ్బులో మూడు కిటికీలు తెరిచి ఐదున్నర కలుపుతూ, తీసివేస్తూ కూర్చోవలసి వస్తుంది. నేను ఆ పని చేశాను, ఒకసారి తీసివేయవలసిన చోట కలిపి గంటసేపు తప్పు చోట వెతికాను. అన్నీ ఒకే చోటికి చేరే ఏర్పాటు ఉన్నవారు యూటీసీలో ఉంచడమే మేలు. ఏది ఎంచుకున్నా తేదీ రూపం చివర పెద్ద ఎక్స్ అక్షరాలు మూడు పెట్టండి. భారత సమయమైతే ప్లస్ 05:30 అనీ, యూటీసీ అయితే ఒక జెడ్ అక్షరమనీ ప్రతి వరుస తన లెక్కను తానే చెప్పుకుంటుంది. స్ప్రింగ్ బూట్ 3 నుంచి దాని సొంత తేదీ రూపం కూడా ఈ తేడాను చూపిస్తోంది.

వరుసలు కలగాపులగం కావడానికి మందు ఎమ్‌డీసీ. అది థ్రెడ్‌కు తగిలించిన చిన్న సంచి వంటిది. ఒక ఫిల్టర్ రాసి, అభ్యర్థన రాగానే ఒక సంఖ్యను పుట్టించి ‘రిక్వెస్ట్ ఐడీ’ అనే పేరుతో ఆ సంచిలో వేయండి. ప్యాటర్న్‌లో పర్సెంట్ గుర్తు, పెద్ద ఎక్స్, మీసాల బ్రాకెట్లలో అదే పేరు రాయండి. అప్పటి నుంచి ఆ అభ్యర్థన కోసం ఆ థ్రెడ్ మీద పుట్టే ప్రతి వరుసకూ ఆ సంఖ్య తగులుతుంది, మీ సర్వీస్ కోడ్‌లో ఒక్క అక్షరం మార్చనవసరం లేదు. పేరు తర్వాత కోలన్, మైనస్ పెట్టి ఏదైనా పదం రాస్తే, సంచి ఖాళీగా ఉన్నప్పుడు ఆ పదం వస్తుంది.

ఇందులో ప్రాణం తీసే చోటు ఒకటుంది. సర్వర్ థ్రెడ్లు పూల్‌లో ఉంటాయి, ఒక అభ్యర్థన ముగిశాక అదే థ్రెడ్ మరొకరికి వెళుతుంది. సంచిని ఖాళీ చేయకపోతే మొదటివారి సంఖ్య రెండవవారి వరుసల మీద కనబడుతుంది. సంఖ్య లేకపోవడం కంటే తప్పు సంఖ్య ఉండడం ఎన్నో రెట్లు ప్రమాదం, ఎందుకంటే దానిని నమ్మి మనం వెతుకుతాము. ఫిల్టర్‌లో ఫైనలీ బ్లాక్ పెట్టి అక్కడే తీసివేయండి. ఇక పని మధ్యలో వేరే థ్రెడ్‌కు వెళితే, అంటే ఎసింక్ మెథడ్లు, ఎగ్జిక్యూటర్లు వాడితే, సంచి దానంతటదే వెంట రాదు. స్ప్రింగ్‌లో టాస్క్ డెకరేటర్ రాసి, పని అప్పగించే ముందు సంచి నకలు తీసి, కొత్త థ్రెడ్‌లో పరచి, పని అయ్యాక తుడిచేయాలి. రేపు జావా 21కు మారి వర్చువల్ థ్రెడ్లు వాడదలిస్తే ఇంకొక మాట: పేరు పెట్టకుండా పుట్టించిన వర్చువల్ థ్రెడ్‌కు పేరు ఖాళీ. ప్యాటర్న్‌లో థ్రెడ్ ఉండే చదరపు బ్రాకెట్లు ఉత్తగా కనిపిస్తే భయపడకండి.

తెలుగు పేర్ల గురించి. లాగ్‌లో తెలుగు చెడిపోవడం మూడు రకాలు, చూడగానే ఏ రకమో చెప్పవచ్చు. అక్షరానికొక ప్రశ్నార్థకం ఉంటే రాసే సమయంలోనే అక్షరం పోయింది, ఆ ఫైల్ నుంచి దానిని ఇక రాబట్టలేము. పైన గీత ఉన్న లాటిన్ ఏ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో, కూడిక-తీసివేత కలిసిన గుర్తో పదేపదే వస్తుంటే ఫైల్ బాగానే ఉంది, చూపించే పరికరం దానిని యూటీఎఫ్-8గా చదవడం లేదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్‌పాయింట్‌కూ 3 బైట్లు పడతాయి, వాటిలో మొదటిదీ రెండవదీ లాటిన్‌లో ఈ గుర్తులే. చదరపు డబ్బాలు కనిపిస్తే అది ఫాంట్ లోపం మాత్రమే. మీది మొదటి రకం. ఎన్‌కోడర్‌లో క్యారెక్టర్ సెట్ చెప్పకపోతే లాగ్‌బ్యాక్ జేవీఎమ్ డిఫాల్ట్‌ను తీసుకుంటుంది. లొకేల్ అమర్చని కంటైనర్‌లో జావా 17 డిఫాల్ట్ ఆస్కీ. ఆస్కీలో తెలుగుకు చోటు లేదు కాబట్టి ప్రశ్నార్థకం. ఎన్‌కోడర్ ట్యాగ్ లోపల ‘చార్‌సెట్’ ట్యాగ్‌లో యూటీఎఫ్-8 అని రాయండి. ఎక్స్‌ఎమ్‌ఎల్ తీసివేసి ప్రాపర్టీస్‌కు మారితే ‘లాగింగ్ డాట్ చార్‌సెట్ డాట్ కన్సోల్’, దాని తోబుట్టువు ‘లాగింగ్ డాట్ చార్‌సెట్ డాట్ ఫైల్’ ఉన్నాయి. జావా 18 నుంచి డిఫాల్ట్ యూటీఎఫ్-8 అయింది, అయినా సిస్టమ్ డాట్ అవుట్ మాత్రం ఇంకా పరిసరాల మాటే వింటుంది కనుక స్పష్టంగా రాయడమే మంచిది.

తెలుగు వచ్చాక మరో చిన్న నిరాశకు సిద్ధపడండి. ప్యాటర్న్‌లోని వెడల్పు లెక్క కంటికి కనిపించే అక్షరాలను కాక కోడ్ యూనిట్లను లెక్కపెడుతుంది. ‘పుస్తకం’ మన కంటికి మూడక్షరాలు, జావాకు ఏడు. అందువల్ల తెలుగు ఉన్న నిలువు వరుసలు ఎంత సరిచేసినా సమంగా నిలబడవు. తెలుగును సందేశం భాగంలోనే, అంటే వరుస చివరనే ఉంచితే ఈ గొడవ తగలదు.

సమాధానం: పాతకాపు

మీ రాత్రి ప్రోగ్రామ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది నేను తీసుకుంటాను. జావాతో వచ్చే లాగింగ్ జావా 1.4 నాటిది. దాని సింపుల్ ఫార్మాటర్ మొదటి వరుసలో సమయం, క్లాస్, మెథడ్. రెండవ వరుసలో లెవెల్, సందేశం రాస్తుంది. చాలాకాలం దీనిని మార్చాలంటే సొంత ఫార్మాటర్ క్లాస్ రాసుకోవడమే గతిగా ఉండేది. జావా 7 నుంచి ‘జావా డాట్ యుటిల్ డాట్ లాగింగ్ డాట్ సింపుల్‌ఫార్మాటర్ డాట్ ఫార్మాట్’ అనే ప్రాపర్టీతో మార్చవచ్చు. ఇక్కడి ప్యాటర్న్ లాగ్‌బ్యాక్ తరహాది కాదు, స్ట్రింగ్ డాట్ ఫార్మాట్ తరహాది. ప్రతి భాగానికీ పర్సెంట్, ఒక అంకె, డాలర్, చివర రకం తెలిపే అక్షరం ఉంటాయి. ఒకటి తేదీ, రెండు పిలిచిన చోటు, మూడు లాగర్ పేరు, నాలుగు లెవెల్, ఐదు సందేశం, ఆరు ఎక్సెప్షన్. తేదీకి డాలర్ తర్వాత చిన్న టీ, పెద్ద ఎఫ్ రాస్తే సంవత్సరం-నెల-రోజు. చిన్న టీ, పెద్ద టీ రాస్తే ఇరవైనాలుగు గంటల సమయం. చిన్న టీ, పెద్ద ఎల్ రాస్తే మిల్లీసెకన్లు వస్తాయి. మిగిలినవాటికి చిన్న ఎస్ చాలు.

ఆరవదాన్ని మరచిపోకండి. లాగ్‌బ్యాక్‌లో ప్యాటర్న్‌లో ఎక్సెప్షన్ గురించి ఏమీ రాయకపోయినా అది స్టాక్ ట్రేస్‌ను తనంతట తానే చివర చేరుస్తుంది. సింపుల్ ఫార్మాటర్‌కు అంత దయ లేదు; ఆరు లేకపోతే స్టాక్ ట్రేస్ లేదు. ఒక వరుస చేశామన్న సంతోషంలో ఉండగా, అసలు తప్పు జరిగిన రాత్రి కారణం కనిపించకుండా పోతుంది. మరొకటి, ప్యాటర్న్ తప్పుగా ఉంటే అది కేక పెట్టదు, గప్‌చుప్‌గా పాత రెండు వరుసల రూపానికి వెళ్ళిపోతుంది. ఈ ప్రాపర్టీని కమాండ్ లైన్‌లో మైనస్ డీతో ఇచ్చేటప్పుడు డబుల్ కోట్స్‌లో పెడితే, లైనక్స్ షెల్ డాలర్, ఎస్ కలిసిన చోటల్లా దానిని ఒక వేరియబుల్ అనుకుని మింగేస్తుంది. సింగిల్ కోట్స్ వాడండి. అంతకంటే మేలు, లాగింగ్ డాట్ ప్రాపర్టీస్ ఫైల్‌లో రాసి ఆ ఫైల్ దారిని ఇవ్వడం. థ్రెడ్ పేరు మాత్రం ఈ ప్రాపర్టీతో రాదు, కావాలంటే ఫార్మాటర్ క్లాస్ రాయవలసిందే. ఫైల్ హ్యాండ్లర్ వాడుతుంటే దాని డిఫాల్ట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫార్మాటర్. సింపుల్ ఫార్మాటర్ కావాలని ఆ హ్యాండ్లర్‌కు విడిగా చెప్పాలి.

ఇక అందరూ రూపం గురించే మాట్లాడారు, ఆ రూపంలోకి బయటివారు ఏమి దూర్చగలరన్నది కూడా చూడాలి. పాఠకులు వెతికే పేరును మీరు లాగ్ చేస్తున్నారనుకోండి. ఎవరో ఆ పెట్టెలో ఒక పేరు, దాని వెనుక కొత్త వరుస గుర్తు, ఆపైన మీ ప్యాటర్న్‌ను పోలిన తేదీ, లెవెల్, ‘పుస్తకం వాపసు చేయబడింది’ అన్న సందేశం పంపితే, మీ లాగ్‌లో ఒక దొంగ వరుస పుడుతుంది. లాగ్‌బ్యాక్‌లో ‘పర్సెంట్ రీప్లేస్’ అనే దానితో సందేశాన్ని చుట్టి, క్యారేజ్ రిటర్న్, కొత్త వరుస గుర్తులను ఖాళీతో మార్చండి. లాగ్‌ఫర్‌జే 2లో ‘పర్సెంట్ ఎన్‌కోడ్’కు సీఆర్‌ఎల్‌ఎఫ్ అని ఇస్తే సరిపోతుంది. ఆ రెండు గుర్తులనే మార్చండి సుమా. అక్షరాలు, అంకెలు తప్ప అన్నీ తీసేసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను ఎక్కడి నుంచో తెచ్చి పెట్టకండి. జావాలో బ్యాక్‌స్లాష్ చిన్న డబ్ల్యూ మామూలుగా ఆస్కీకే పరిమితం, తెలుగంతా తుడిచిపెట్టుకుపోతుంది. యూనికోడ్ అక్షరాలన్నీ అని చెప్పే పీ-ఎల్ పెట్టినా మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా అందులోకి రావు. ‘పుస్తకం’ కాస్తా ‘పసతక’ అవుతుంది. నేనే ఒకచోట ఇది చేసి, డేటా చెడిందని వేరేవారి మీద అనుమానపడ్డాను.

రూపం వల్ల ప్రమాదమా అని నవ్వేవారికి 2021 డిసెంబర్‌ను గుర్తు చేస్తాను. లాగ్‌ఫర్‌షెల్ అన్న పేరుతో లోకాన్ని వణికించిన లోపంలో, లాగ్‌ఫర్‌జే 2 సందేశం లోపలి లుకప్‌లను (వేరే చోటి నుంచి విలువ తెచ్చి పెట్టమనే గుర్తులను) విప్పి చూడడమే మూలం. దానిని 2.15.0లో సరిచేశామన్న కొద్ది రోజులకే రెండవ లోపం బయటపడింది. ఈసారి బయటివారు ఇచ్చిన విలువను ఎమ్‌డీసీలో వేసి, దానిని ప్యాటర్న్ ద్వారా రాయించే అమరికలు చిక్కుల్లో పడ్డాయి. 2.16.0లో సందేశం లోపలి లుకప్‌లను పూర్తిగా తొలగించారు. మీరు లాగ్‌బ్యాక్‌లో ఉన్నారు కనుక ఆ లోపం మీకు తగలలేదు. అయినా ఎమ్‌డీసీలో వేసే అభ్యర్థన సంఖ్యను బ్రౌజర్ పంపిన హెడర్ నుంచి యథాతథంగా తీసుకోకండి. మీరే పుట్టించండి, లేదా పొడవునూ అక్షరాలనూ తనిఖీ చేసి తీసుకోండి. రీప్లేస్‌ను సందేశానికి చుట్టి ఎమ్‌డీసీ విలువను వదిలేస్తే దొంగ వరుసకు ఆ తలుపు తెరిచే ఉంటుంది.

ముందు ముందు లాగ్‌లను యంత్రమే చదివే ఏర్పాటు పెట్టుకుంటే ఈ ప్యాటర్న్ కుస్తీ అంతా మానేసి జేసన్‌కు మారండి. స్ప్రింగ్ బూట్ 3.4 నుంచి ‘లాగింగ్ డాట్ స్ట్రక్చర్డ్ డాట్ ఫార్మాట్ డాట్ కన్సోల్’ అనే ఒక్క ప్రాపర్టీతో అది కుదురుతుంది, స్టాక్ ట్రేస్ కూడా ఒకే వరుసలో ఇమిడిపోతుంది. ముగ్గురు మనుషులు ఫైల్ తెరిచి చదువుకునే చోట మాత్రం మామూలు వరుసే సుఖం.

ప్రశ్న అడిగినవారి జవాబు: పుస్తకాలపురుగు

అందరికీ కృతజ్ఞతలు. లాగ్‌బ్యాక్-స్ప్రింగ్ ఫైల్ నిజంగానే ఉంది. మా కంటే ముందు పనిచేసినవారు పెట్టినది, అందులో ప్యాటర్న్ తప్ప మరేమీ లేదు. దానిని తీసివేశాను. ప్రాపర్టీస్‌లోని ప్యాటర్న్ వెంటనే పనిచేసింది. చార్‌సెట్ రెండూ రాశాక తెలుగు పేర్లు వస్తున్నాయి, పాతవి పోయినట్టే అని ఒప్పుకున్నాను. సమయానికి రాత్రిపాళీ గారి మాట విని యూటీసీనే ఉంచి తేడాను చూపిస్తున్నాను. మా డేటాబేస్ కూడా అందులోనే ఉందని ఇప్పుడే గమనించాను. రాత్రి ప్రోగ్రామ్‌లో ఆరవ భాగం నిజంగానే మరచి, పాతకాపు గారి మాట మళ్ళీ చదివి చేర్చాను.

ఒక్క వింత మిగిలింది. నేను స్వయంగా రాసిన తేదీ రూపంలో సంవత్సరం, రోజు సరిగానే ఉన్నాయి, నెల స్థానంలో మాత్రం ఒకసారి 47, మరొకసారి 52 వస్తోంది. మా జట్టులో ఒకరు ఇది యాభై రెండవ నెల జీతం ఎప్పుడని అడుగుతున్నారు.

సమాధానం: వరుసక్రమం

నెలకు పెద్ద ఎమ్ రెండు రాయాలండీ. చిన్న ఎమ్ నిమిషం. మీరు రెండు చోట్లా చిన్నవే రాశారు, అందుకే నిమిషాలు నెలగా వస్తున్నాయి. గంటకు పెద్ద హెచ్ ఉందో లేదో కూడా చూడండి. చిన్న హెచ్ పన్నెండు గంటల లెక్క కాబట్టి మధ్యాహ్నం రెండు, రాత్రి రెండు ఒకటే అవుతాయి. మిల్లీసెకన్లకు పెద్ద ఎస్ మూడు.

అక్కడే ఉన్నారు కనుక సంవత్సరం అక్షరాలు కూడా చిన్న వైలే అని నిర్ధారించుకోండి. పెద్ద వై వారాల లెక్కన సాగే సంవత్సరం. ఏడాది పొడవునా సరిగ్గానే కనిపించి చివరి రోజుల్లో ముందుకు దూకుతుంది. 2024 డిసెంబర్ 30 నాటి వరుసలు 2025 డిసెంబర్ 30 అని పడేవి. పరీక్షల్లో ఇది దొరకదు, ఎందుకంటే ఆ వారంలో ఎవరూ పరీక్షించరు.

ప్రశ్న అడిగినవారి జవాబు: పుస్తకాలపురుగు

చిన్న ఎమ్‌లే ఉన్నాయి, మార్చాను. సంవత్సరానికి పెద్ద వై నాలుగు ఉన్నాయి. అవీ మార్చాను.